పెంటబొందలో మొలిచిన మామిడి: పీకాలా, ఉంచాలా?

రెండేళ్ళ కింద జూన్‌లో సెలవులకు బాన్సువాడ ఇంటికి వెళ్ళాను. అప్పటికే మిరుగు వానలు రెండు గట్టిగా పడ్డాయి. చెత్త పారబోద్దామని ఇంటి వెనక పెంటబొంద దగ్గరికి పోతే అందులో ఐదు మామిడి మొక్కలు కనిపించాయి. జానెడు ఎత్తు ఉన్నాయి. రాగి రంగు ఆకులు ఇంకా పూర్తిగా విచ్చుకోకుండా కిందికి వాలి ఉన్నాయి. పక్కనే మూడు బొప్పాయి మొక్కలు, ఒక నిమ్మ మొక్క, గుంపుగా టమాట నారు. ఎవరూ విత్తలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు.

మా బాపు చూసి ఒక్క మాటలో తేల్చేశాడు. "పీకి అవతల పారెయ్ రా. వచ్చే ఆదివారం నర్సరీల నుంచి బేనిషాన్ అంటు తెస్త. గింజ మొక్క పెడితే పదేండ్లకు కాస్తది. కాసినా పులుపే."

బాపమ్మ అరుగు మీద నుంచే అరిచింది. "ముట్టుకుంటే ఊకోను. అది మన గట్టు చెట్టు. మళ్ల అదే వచ్చింది."

గట్టు చెట్టు అంటే మా పాత పొలం గట్టు మీద ఉండే నాటు మామిడి. దానికి పేరు లేదు. కాయ చిన్నది, పీచు ఎక్కువ, రసం మాత్రం చెయ్యంతా కారేది. పచ్చిగా ఉన్నప్పుడు తొక్కుకు బాగుంటది, పండితే పిల్లలకు పండుగ. పంపకాల్లో ఆ గట్టు వేరేవాళ్ళ పాలికి పోయింది. ఆ ఏడాది మే నెలలో ఆఖరి కాయ తెంపాక జేసీబీతో వేళ్ళతో సహా లేపేశారు. ఆ ఆఖరి పండ్ల టెంకలే బాపమ్మ బొందలో వేసింది.

మా పెరట్లో పెద్ద చెట్టుకు ఒక్కదానికే జాగా ఉంది. బాపు మాట వినాలా, బాపమ్మ మాట వినాలా? నేను చదివేది ఇంజనీరింగే అయినా, ఇంట్లో "నువ్వు సదువుకున్నవ్ కదా, నువ్వే చెప్పు" అన్నారు. అట్లా మొదలైంది ఈ వెతుకులాట. చదివింది, అడిగి తెలుసుకున్నది, చేసి చూసింది అన్నీ కలిపి రాస్తున్నాను. మీ ఇంటి వెనక కూడా ఇట్లాంటి మొక్కలు మొలిచే ఉంటాయి.

బొందలోనే ఎందుకు మొలుస్తాయి?

కంపోస్టు సరిగ్గా చేస్తే అందులో గింజలు మొలవకూడదు. పచ్చి చెత్త, ఎండు చెత్త తగిన పాళ్ళలో కలిపి, తడిపి, పెద్ద కుప్పగా వేస్తే లోపల సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. ఆ వేడి 55 నుంచి 65 డిగ్రీల దాకా పోతుంది. కొన్ని రోజులు ఆ వేడిలో ఉంటే చాలా గింజలు చచ్చిపోతాయి. కలుపు గింజలు కూడా పోతాయి కాబట్టే బాగా మాగిన ఎరువుకు అంత విలువ.

మన ఇళ్ళల్లో జరిగేది వేరు. ఇవాళ పిడికెడు కూరగాయ తొక్కలు, రేపు రెండు టెంకలు, ఎల్లుండి ఊడ్చిన ఆకులు. కుప్ప ఎప్పుడూ పెద్దది కాదు, కాబట్టి ఎక్కువ వేడెక్కదు. కాస్త వెచ్చగా, తడిగా, మెత్తగా మాత్రం ఉంటుంది. గింజ మొలవడానికి సరిగ్గా కావలసినవి అవే. అంటే మీ బొందలో మొక్కలు మొలిచాయంటే ఎరువు పూర్తిగా మాగలేదని అర్థం. అది ఎరువుకు లోపం, మనకు లాభం.

మామిడి విషయంలో ఇంకో సంగతి ఉంది. వడ్లు, కందులు ఎండబెట్టి గాదెలో పోస్తే వచ్చే కారుకు మళ్ళీ మొలుస్తాయి. మామిడి, పనస, నేరేడు గింజలు అట్లా కావు. వాటికి తడి ఆరిపోతే ప్రాణం పోతుంది. పండు తిన్న కొన్ని వారాల్లోనే టెంక నేల చేరాలి. మే నెలలో తిని ఎండలో పారేసిన టెంక రోహిణి కార్తెలో ఎండి చస్తుంది. అదే టెంక బొందలో తడి చెత్త కింద పడితే రెండు మూడు వారాల్లో మొలక వస్తుంది. మిరుగు వచ్చేసరికి ఆకులతో నిలబడుతుంది. బాపమ్మకు ఈ లెక్కలేవీ తెలియవు గానీ, టెంకలు ఎండలో వెయ్యకూడదని మాత్రం తెలుసు.

వడ్లు, చెరుకు, మామిడి

ఇక అసలు ప్రశ్న. గట్టు చెట్టు టెంక నుంచి వచ్చిన మొక్క గట్టు చెట్టేనా?

దీనికి జవాబు మా బాన్సువాడ పొలాల్లోనే ఉంది. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్ళు కాలువల్లోకి వచ్చాక ఈ ప్రాంతంలో రెండు పంటలు పేరు తెచ్చుకున్నాయి: వరి, చెరుకు. ఈ రెండింటినీ నాటే పద్ధతి గమనించండి.

వరికి గింజ వేస్తాం. పోయినేడు పండిన వడ్లలోంచి మంచివి తీసి పోసినా దాదాపు అదే రకం పంట వస్తుంది. ఎందుకంటే వరి పువ్వులో ఉన్న పుప్పొడి చాలావరకు అదే పువ్వు మీద పడుతుంది. బయటి పుప్పొడి కలవడం చాలా తక్కువ. హైబ్రిడ్ వడ్లు మాత్రం దీనికి మినహాయింపు, అందుకే వాటిని ప్రతిసారీ కొనాలి.

చెరుకుకు గింజ వేసే రైతును చూశారా? చూడరు. చెరుకు గడను కళ్ళు ఉండేటట్టు ముచ్చెలుగా నరికి నాటుతారు. చెరుకుకూ పువ్వు వస్తుంది, గింజ కూడా వస్తుంది. కానీ గింజ నుంచి వచ్చిన చెరుకు తల్లి లాగా ఉండదు, ఒక్కో మొక్క ఒక్కో తీరుగా ఉంటుంది. కొత్త రకాలు పుట్టించే శాస్త్రవేత్తలకు ఆ గింజ కావాలి. రైతుకు మాత్రం నిరుడు వచ్చిన తీపే మళ్ళీ రావాలి కాబట్టి ముచ్చె కావాలి. మన భాషలో చెప్పాలంటే ముచ్చె అనేది కాపీ-పేస్ట్. గింజ అనేది రెండు ఫైళ్ళు కలిపి కొత్త ఫైలు చెయ్యడం.

మామిడి ఈ విషయంలో చెరుకు లాంటిది. పూత మీద ఈగలు, చిన్న పురుగులు తిరిగి ఒక చెట్టు పుప్పొడిని ఇంకో చెట్టుకు మోస్తాయి. దశేరి, లంగ్డా లాంటి రకాలైతే తమ పుప్పొడితో తాము సరిగ్గా కాయ కట్టవు, పక్కన ఇంకో రకం ఉండాల్సిందే. అందుకే మామిడి టెంకలో ఉన్న పిండానికి తల్లి ఎవరో మనకు తెలుసు, తండ్రి ఎవరో ఆ ఈగకే తెలుసు. పైగా తల్లి చెట్టు కూడా తరతరాలుగా ఇట్లాంటి కలయికల్లోంచే వచ్చింది కాబట్టి దాని లక్షణాల్లో ఏవి టెంకలోకి దిగుతాయో చెప్పలేం. బేనిషాన్ పండు తిని టెంక పాతితే బేనిషాన్ రాదు. బేనిషాన్‌కు బిడ్డ వస్తుంది. బిడ్డ తల్లి కంటే మేలు కావచ్చు, చాలాసార్లు తక్కువే అవుతుంది.

ఈ మాట బాపమ్మకు చెప్పడం కష్టమైంది. "అది గట్టు చెట్టు కాదు బాపమ్మా, దాని బిడ్డ" అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "బిడ్డైతే మాత్రం పారేస్తరా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఏ మొక్కను నమ్మొచ్చు?

అన్ని పండ్లకూ ఒకే నియమం లేదు. బొందలో మొలిచిన మొక్క ఏదో గుర్తుపడితే సగం పని అయినట్టే.

నిమ్మ: దీన్ని నమ్మొచ్చు. నిమ్మ గింజ ఒక్కటి పాతితే ఒక్కోసారి రెండు మూడు మొలకలు రావడం చూసే ఉంటారు. ఆ గింజలో ఒకటి కంటే ఎక్కువ పిండాలు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం పుప్పొడితో పని లేకుండా తల్లి కణాల నుంచే పుడతాయి. అంటే గింజ రూపంలో వచ్చిన కాపీలు. ఒకే గింజ నుంచి వచ్చిన వాటిలో మరీ బలహీనంగా ఉన్నదాన్ని తీసేసి బలమైనవి ఉంచుకుంటే తల్లి లాంటి చెట్టే వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే నిమ్మ తోటలు వేసేవాళ్ళు కూడా చాలామంది గింజ నారే పెడతారు. కాపుకు నాలుగైదు ఏళ్ళు ఓపిక పట్టాలి, ముళ్ళు భరించాలి.

సీతాఫలం: దీన్ని కూడా ఉంచొచ్చు. గింజ మొక్కల్లో తేడాలు ఉంటాయి గానీ మరీ నిరాశపరచదు. మూడు నాలుగేళ్ళలో కాస్తుంది, నీళ్ళు తక్కువైనా బతుకుతుంది. మన గుట్టల మీద కాసే సీతాఫలాలన్నీ ఎవరూ పెట్టకుండా గింజల నుంచి వచ్చినవే కదా. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ పేరుతో దేశమంతా తెలిసిన సీతాఫలం రకం కూడా అట్లాంటి గింజ చెట్ల నుంచి ఏరినదే.

బొప్పాయి: తొందరగా తేలిపోయే లెక్క. అయిదారు నెలల్లో పూస్తుంది, ఏడాది తిరిగేలోపు పండు తినొచ్చు. నాటు బొప్పాయిలో మగ చెట్లు, ఆడ చెట్లు వేరువేరుగా ఉంటాయి. పువ్వు వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. అందుకని ఒక్క మొక్క పెట్టి ఎదురుచూడకండి. మూడు నాలుగు దగ్గరగా పెట్టి, పూత వచ్చాక పొడవాటి కాడలకు గుత్తులుగా పూసే మగ చెట్లలో ఒకదాన్ని ఉంచి మిగతావి తీసెయ్యాలి. రెడ్ లేడీ లాంటి హైబ్రిడ్ పండు గింజలైతే తర్వాతి తరంలో ఆ రుచి, ఆ సైజు అట్లాగే నిలవవు.

జామ: జూదమే, కానీ చిన్న జూదం. గింజ మొక్కలు రకరకాలుగా వస్తాయి. అయితే మూడు నాలుగేళ్ళలో ఫలితం తెలిసిపోతుంది, చెట్టు కూడా మరీ పెద్దది కాదు. నచ్చకపోతే కొట్టేసి ఇంకోటి పెట్టుకోవచ్చు.

మామిడి, పనస, సపోటా: ఇవి పెద్ద జూదాలు. గింజ మామిడి కాపుకు ఆరేడు ఏళ్ళ నుంచి పదేళ్ళు పడుతుంది. పనస కూడా దాదాపు అంతే. గింజ సపోటా ఎదుగుదలే చాలా నిదానం. అందుకే నర్సరీల్లో సపోటాను పాల మొక్క వేళ్ళ మీద అంటు కడతారు. నేరేడు గింజ మొక్క కూడా ఆలస్యంగానే కాస్తుంది గానీ, చెరువు గట్టు మీదో బడి ఆవరణలోనో పెట్టడానికి అంత మంచి చెట్టు తక్కువ.

మామిడిలో కూడా నిమ్మ లాగా ఒక టెంకలో చాలా పిండాలు ఉండే రకాలు ఉన్నాయి. కేరళ, కొంకణ తీరాల్లోని ఒలూర్, చంద్రకారన్, కురుక్కన్ లాంటివి అట్లాంటివి. మన బేనిషాన్, దశేరి మాత్రం ఒకే పిండం రకాలు. ఇంట్లో మొలిచిన టెంక నుంచి మూడు నాలుగు మొలకలు ఒకేసారి వచ్చాయంటే అది మొదటి కోవలోది కావచ్చు. మా గట్టు చెట్టు టెంకలు ఐదింటికీ ఒక్కో మొలకే వచ్చింది.

చెత్తలో పుట్టి పేరు తెచ్చుకున్నవి

ఇక్కడిదాకా చదివి "అయితే మీ బాపు చెప్పిందే కరెక్టు, పీకెయ్యడమే" అనుకుంటున్నారా? కొంచెం ఆగండి.

ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర ఈస్ట్‌వుడ్‌లో మరియా ఆన్ స్మిత్ అనే పెద్దావిడ ఉండేది. వాడగా మిగిలిన ఆపిల్ పండ్లను వాగు పక్కన పారబోస్తే అక్కడ ఒక మొక్క మొలిచిందని చెబుతారు. ఆమె పీకెయ్యలేదు. 1868లో దాని కాయల్ని తెలిసినవాళ్ళకు చూపించింది. అది మామూలు ఆపిల్ కాదు, పచ్చగా, పుల్లగా, చాలాకాలం నిలవ ఉండే కొత్త రకం. ఇవాళ సూపర్ మార్కెట్లో మనం చూసే పచ్చ ఆపిల్ 'గ్రానీ స్మిత్' అదే. ఆ పేరులోని గ్రానీ అంటే బామ్మ. చెత్తలో మొలిచిన మొక్కను కాపాడిన బామ్మ పేరే పండుకు పెట్టారన్నమాట. ఈ కథ చెప్పిన రోజు మా బాపమ్మ ముఖం చూడాల్సింది.

అమెరికాలో కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మ్యాన్ అవకాడో గింజలు కొని మొలిపించాడు. వాటి మీద వేరే రకం అంటు కట్టాలని ఆయన ఆలోచన. ఒక మొక్క మీద ఎన్నిసార్లు కట్టినా అంటు పట్టలేదు. కొట్టేద్దామనుకుని కూడా వదిలేశాడు. దానికి కాసిన కాయలు ఇంట్లో పిల్లలకు నచ్చాయి. 1935లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడయ్యే 'హాస్' అవకాడో ఆ ఒక్క గింజ మొక్క సంతానమే. ఆ తల్లి చెట్టు 2002 దాకా బతికింది.

మన దేశంలోనూ ఇట్లాంటివి చాలా ఉన్నాయి. దశేరి మామిడి లక్నో దగ్గర దశేరి అనే ఊళ్ళో ఉన్న ఒక్క చెట్టు నుంచి వచ్చింది. ఆ తల్లి చెట్టును ఇప్పటికీ జనం వెళ్ళి చూస్తారు. ఎల్-49 జామను పుణెలో 1927లో అలహాబాద్ సఫేదా గింజ మొక్కల్లోంచి ఏరారు. సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రం రుమాని, నీలం మామిళ్ళను కలిపి పుట్టించిన పొట్టి రకానికి 'మంజీర' అని పేరు పెట్టారు. మా బాన్సువాడ పక్క నుంచి పారే ఏటి పేరే అది. ఆ రకం కూడా మొదట ఒక గింజ మొక్కే.

వీటన్నింటిలో ఒక పోలిక గమనించండి. కొత్త రుచి ప్రతిసారీ గింజ నుంచే పుట్టింది. కానీ పుట్టిన తర్వాత దాన్ని నిలబెట్టింది మాత్రం గింజ కాదు, అంటు. గ్రానీ స్మిత్ గింజ పాతితే గ్రానీ స్మిత్ రాదు.

గింజ మొక్కల వల్ల ఇంకో మేలు కూడా ఉంది. తోటంతా ఒకే చెట్టు కాపీలతో నింపితే ఒక తెగులు అన్నింటినీ ఒకేసారి పట్టుకుంటుంది. గ్రో మిషెల్ అనే అరటి ఒకప్పుడు ప్రపంచ ఎగుమతి మార్కెట్‌ను ఏలింది. పనామా తెగులు వచ్చి ఆ తోటల్ని తుడిచిపెట్టేస్తే 1960ల నాటికి వ్యాపారులు కావెండిష్ అరటికి మారిపోవాల్సి వచ్చింది. పొలం గట్ల మీద ఒక్కో తీరుగా ఉండే నాటు మామిళ్ళు ఆ రకంగా మనకు బ్యాకప్ లాంటివి.

వేరు ఒకదానిది, రుచి ఒకదానిది

బాపు, బాపమ్మ ఇద్దరి మాటా నెగ్గే దారి అంటు కట్టడంలో ఉంది. నర్సరీలో కొనే బేనిషాన్ అంటు మొక్కకు కింద వేరు ఎవరిది? ఏదో ఒక నాటు మామిడి టెంక నుంచి వచ్చిన మొక్కదే. అంటే నర్సరీ వాళ్ళు కావాలని మొలిపించేదే మన బొందలో ఊరికే మొలిచింది. దాన్ని పీకి పారేసి, అట్లాంటిదే ఇంకోటి డబ్బులు పెట్టి కొంటున్నాం.

అంటు మొక్క తొందరగా ఎందుకు కాస్తుందో కూడా చెప్పుకోవాలి. గింజ నుంచి వచ్చిన చెట్టుకు బాల్యం ఉంటుంది. ఆ ఏళ్ళన్నీ గడిచాకే పూస్తుంది. కాపు కాస్తున్న చెట్టు నుంచి తెచ్చిన కొమ్మ ఆ బాల్యం ఎప్పుడో దాటేసింది. దాన్ని కొత్త వేరు మీద పెట్టినా తన వయసు మరిచిపోదు. అందుకే అంటు మామిడి మూడు నాలుగేళ్ళలోనే కాపుకు వస్తుంది.

ఇంట్లో చేసుకోగలిగిన పద్ధతులు రెండు. మొదటిది టెంక అంటు. మొలకెత్తి పది పదిహేను రోజులై, ఆకులు ఇంకా రాగి రంగులో ఉన్నప్పుడే లేత కాండం కోసి కడతారు. రెండోది ఏడాది వయసున్న మొక్క మీద, కొత్త చిగురు వచ్చినప్పుడు ఆ లేత భాగంలో కట్టేది. రెండింటికీ గాలిలో తేమ ఉండే వానాకాలమే అనువు. మేము రెండోది చేశాం. చేసిన తీరు ఇది:

1. కావలసిన చెట్టు మీద పెన్సిల్ లావు ఉన్న, మూడు నాలుగు నెలల వయసు కొమ్మ చివర్లు ఎంచుకోవాలి. వారం పది రోజుల ముందే వాటి ఆకులు కోసేసి, కాడలు మాత్రం వదలాలి. అప్పుడు చివరి మొగ్గ ఉబ్బుతుంది.
2. కోసిన పుల్లను తడిగుడ్డలో చుట్టి తేవాలి. ఎంత తొందరగా కడితే అంత మంచిది.
3. మన మొక్క తల కోసి, కాండాన్ని మధ్యకు నిలువుగా రెండంగుళాలు చీల్చాలి. పుల్ల అడుగును రెండు వైపులా చెక్కి ఆప్పు లాగా చెయ్యాలి. బ్లేడు కొత్తది, శుభ్రమైనది ఉండాలి.
4. పుల్లను చీలికలో దించాలి. బెరడు కింద పచ్చటి పలచని పొర ఉంటుంది. రెండింటి పొరలూ కనీసం ఒక పక్కన అయినా కలవాలి. అసలు కీలకం ఇదే.
5. పాలిథిన్ పట్టీతో బిగుతుగా చుట్టి, పైన సన్నటి ప్లాస్టిక్ సంచి తొడిగి, నీడలో ఉంచాలి. పట్టుకుంటే రెండు మూడు వారాల్లో మొగ్గ కదులుతుంది. అప్పుడు సంచి తియ్యాలి.
6. అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్ళను ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి. వదిలేస్తే వేరు మొక్క పైకొచ్చి అంటును చంపేస్తుంది.

బొంద నుంచి నేలకు

మొక్కను బొందలోనే పెంచుదాం అనుకోకండి. కుళ్ళుతున్న చెత్త రోజురోజుకూ కుంగిపోతుంది, వేళ్ళు బయటపడతాయి, పచ్చి ఎరువు వేడికి మాడతాయి కూడా. నాలుగు ఆకులు ముదరగానే సాయంత్రం పూట, చుట్టూ లోతుగా తవ్వి, మట్టి గడ్డతో సహా లేపాలి. మామిడికి తల్లివేరు సూటిగా కిందికి పోతుంది. పైకి జానెడు మొక్క ఉంటే కింద కూడా అంత వేరు ఉంటుందని అనుకోండి. పైన పట్టి లాగితే అది తెగుతుంది. టెంక ఇంకా అంటుకుని ఉంటే ఊడదియ్యొద్దు, మొక్కకు తిండి అందులోనే ఉంది.

పొడవాటి పాలిథిన్ సంచిలో ఎర్రమట్టి, మాగిన ఎరువు, ఇసుక కలిపి నింపి నాటాలి. వారం పది రోజులు నీడలో ఉంచి, తర్వాత నెమ్మదిగా ఎండకు అలవాటు చెయ్యాలి. నేలలో నాటడానికి మామిడికి మీటరు పొడవు, వెడల్పు, లోతు గుంత అని చెబుతారు. వానలు కుదురుకున్నాక నాటితే నీళ్ళ బాధ తక్కువ. మా వైపు నల్లరేగడి ఉన్నచోట నీళ్ళు నిలుస్తాయి కాబట్టి మొక్కను కాస్త ఎత్తు మీద పెట్టాలి. మొదటి రెండు ఎండాకాలాలు పడమటి వైపు తడక కట్టాలి. బాన్సువాడ మే నెల ఎండ గురించి మీకు చెప్పనక్కర్లేదు.

జాగా ఉంటే ఇంకో మంచి పద్ధతి ఉంది. గింజ మొక్కను ఎక్కడ చెట్టు కావాలో అక్కడే ముందు నాటి, అది నాటుకున్నాక అక్కడే అంటు కట్టడం. తల్లివేరు తెగకుండా లోతుకు పోతుంది కాబట్టి నీళ్ళు తక్కువున్న చోట ఈ చెట్లు గట్టిగా నిలబడతాయి.

అంటు కట్టకుండా గింజ మామిడిగానే పెంచితే అది చాలా పెద్ద చెట్టు అవుతుందని మరిచిపోకండి. రెండు వందల గజాల ఇంటికి అది సరిపోదు. పొలం గట్టు, బడి, గుడి ఆవరణ దానికి సరైన చోట్లు. 2015లో హరితహారం మొదలయ్యాక ఊరూరా నర్సరీలు వచ్చాయి, మొక్కలు నాటడం అందరికీ అలవాటైంది. అనుమతి అడిగి ఇట్లాంటి మొక్క ఒకటి పెడతామంటే ఎక్కువగా కాదనరు.

మా ఐదు మొక్కలు ఏమయ్యాయి?

ఒకటి సంచిలోకి మార్చేటప్పుడే నా తొందర వల్ల తల్లివేరు తెగి చచ్చిపోయింది. నాలుగు బతికాయి. పోయినేడు ఆగస్టులో, తెలిసిన నర్సరీ పెద్దమనిషి పక్కన నిలబడి చెబుతుంటే మూడింటి మీద నేనే అంటు కట్టాను. రెండింటికి బాపు కోరుకున్న బేనిషాన్ పుల్ల. మూడో దానికి మా మేనత్త వాళ్ళ ఊళ్ళో చేను గట్టు మీద ఉన్న ఇంకో ముసలి నాటు చెట్టు పుల్ల. ఆ చెట్టు కూడా ఎన్నాళ్ళు ఉంటదో తెలియదని అత్తమ్మే చెప్పింది. బేనిషాన్లలో ఒకటి ఎండిపోయింది, ఒకటి పట్టింది. అత్తమ్మ వాళ్ళ నాటు చెట్టు పుల్ల కూడా పట్టింది. పెరట్లో ఉన్న ఒక్క జాగాలో బాపు బేనిషాన్ పెట్టాడు. నాటు అంటును అత్తమ్మ వాళ్ళకే ఇచ్చాం, వాళ్ళ కొత్త ఇంటి దగ్గర నాటారు. అక్కడి ముసలి చెట్టును రేపు ఎవరన్నా కొట్టేసినా దాని రుచి పోదు.

నాలుగో మొక్కకు అంటు కట్టనివ్వలేదు బాపమ్మ. అది గట్టు చెట్టు బిడ్డగానే ఉంది. మా చిన్నాన్న పొలం గట్టు మీద నాటాం. ఏం కాస్తుందో ఎవరికీ తెలియదు.

ఈ మొత్తం వ్యవహారంలో నన్ను బాధపెట్టేది ఒక్కటే. జేసీబీ వచ్చే ముందు మాకు దాదాపు నెల టైం ఉండె. ఆ చెట్టు మీద పది పుల్లలు కోసి, ఏదైనా నర్సరీలో ఇచ్చి, నాలుగు నాటు మొక్కల మీద కట్టించి ఉంటే ఇవాళ మా గట్టు చెట్టు, అదే చెట్టు, మా ఇంటి వెనక ఉండేది. మా ఇంట్లో అందరమూ టెంకలు దాచాం, ఎవరికీ పుల్ల కోయాలని తట్టలేదు. గింజ దాస్తే చెట్టును దాచినట్టే అనుకున్నాం.

కాబట్టి మిత్రులారా, వచ్చే సెలవుల్లో ఊరికి పోయినప్పుడు రెండు పనులు చెయ్యండి. బొందలో మొలిచిన మామిడి మొక్కల్ని పీకకుండా సంచుల్లోకి మార్చండి. మీ తాత కాలం నాటి నాటు చెట్టు ఏదైనా ఇంకా నిలబడి ఉంటే, దాని పండు మీకు ఇష్టమైతే, వానాకాలంలో దాని పుల్లలు కోసి ఆ మొక్కల మీద కట్టించండి. మొదటిసారి పట్టకపోవచ్చు. చెట్టు ఉన్నంతకాలం మళ్ళీ ప్రయత్నించొచ్చు.

మొన్న ఫోన్ చేస్తే బాపమ్మ చెప్పింది, చిన్నాన్న గట్టు మీది మొక్క నా నడుము దాకా వచ్చిందట. "కాసేనాటికి నేను ఉంట్నో లేనో గని, మొదటి పండు టెంక మాత్రం ఎండల పారెయ్యకు బిడ్డా" అంది. "టెంకతో పాటు ఈసారి పుల్ల కూడా కోస్త" అన్నాను.